పరీక్ష బల్ల ఎత్తు

గర్భిణులను పడుకోబెట్టి చూసే బల్ల మన ఆస్పత్రుల్లో ఇంచుమించు రెండున్నర అడుగుల ఎత్తుంటుంది. చక్రాల కుర్చీలో కూర్చునే చోటు నేల నుంచి అడుగున్నర. ఈ రెంటికీ మధ్య మిగిలిన అడుగు నడవగలిగినవారి లెక్కలోకి రాదు. ఇనప మెట్టు మీద ఒక పాదం మోపి ఎక్కేస్తారు. నడుము నుంచి కిందికి చచ్చుబడిన స్త్రీకి ఆ అడుగే పెద్ద గోడ. ఇద్దరు ఆయాలు చంకల కింద చేతులు వేసి లేపాలి, లేదంటే వెంట వచ్చిన భర్తో తండ్రో ఎత్తి పడుకోబెట్టాలి. ఎత్తేవాళ్లు లేని రోజున డాక్టరమ్మ ఆమె కుర్చీలో ఉండగానే నాలుగు ప్రశ్నలడిగి, బీపీ చూసి, మాత్రలు రాసి పంపేస్తుంది. పొట్ట కొలవడం, బిడ్డ గుండె చప్పుడు వినడం, లోపలి పరీక్ష వచ్చే నెలకు వాయిదా పడతాయి. వచ్చే నెలా బల్ల అంతే ఎత్తుంటుంది.

వికలాంగ మహిళలకు ఆస్పత్రులు అందుబాటులో ఉన్నాయా అంటే మన దగ్గర మామూలుగా వచ్చే జవాబు ర్యాంపు. అది కట్టేశారు కాబట్టి అందుబాటు వచ్చేసినట్టే. నిజానికి ర్యాంపు భవనంలోకి తీసుకెళ్తుంది, వైద్యంలోకి కాదు. పునరుత్పత్తి వైద్యం అన్న మాట కింద నెలసరి ఇబ్బందులు, గర్భనిరోధం, సంతానలేమి, నెలనెలా గర్భిణి పరీక్షలు, అబార్షన్, కాన్పు, బాలింత సంరక్షణ, సుఖవ్యాధులు, రొమ్ముకూ గర్భాశయ ముఖద్వారానికీ చేసే క్యాన్సర్ పరీక్షలు అన్నీ వస్తాయి. వీటిలో దాదాపు ప్రతిదానికీ ఒక బల్ల ఎక్కాలి, బట్టలు సడలించాలి, డాక్టరు చెప్పేది వినాలి, అడిగింది చెప్పాలి, కాగితం చదివి సంతకం పెట్టాలి. కాలో కన్నో చెవో సహకరించకపోతే ఈ వరసలో ఎక్కడో ఒకచోట పని ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుందన్నది ఒక్కో వైకల్యానికి ఒక్కో తీరు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, వారిలో స్త్రీలు 1.18 కోట్లు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం వికలాంగులు 22.66 లక్షలు. ఇవి తక్కువ లెక్కలేనని అనుకోవడానికి బలమైన కారణముంది. దేశ జనాభాలో వికలాంగుల వాటా 2.21 శాతమని ఆ జనగణన తేల్చగా, ప్రపంచ జనాభాలో ప్రతి ఆరుగురిలో ఒకరు, అంటే 130 కోట్ల మంది, చెప్పుకోదగ్గ వైకల్యంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా కట్టింది. అడిగే ప్రశ్న మారితే లెక్క మారుతుంది. జనగణన ఎనిమిది రకాల వైకల్యాలనే నమోదు చేసింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తిస్తోంది. వాటిలో తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు కూడా ఉన్నాయి.

సికిల్ సెల్ వ్యాధి ఆదిలాబాద్ అడవుల్లోనూ పాడేరు ఏజెన్సీలోనూ ఆదివాసీ కుటుంబాలకు కొత్త కాదు. ఈ జబ్బున్న స్త్రీ నడుస్తుంది, చూస్తుంది, వింటుంది. ఓపీ వరసలో ఆమెను చూసి వికలాంగురాలని ఎవరూ అనుకోరు. నెల తప్పాక ఎముకల్లో భరించలేని నొప్పులు, తీవ్ర రక్తహీనత, ఊపిరితిత్తుల ఇబ్బంది ముంచుకొచ్చే అవకాశం పెరుగుతుంది. ఆమెకు ర్యాంపుతో పనిలేదు. రక్తనిధి ఉన్న ఆస్పత్రి, అక్కడికి వేళకు చేర్చే బండి కావాలి. అందుబాటు అనే ఒక్క మాటకు ఇన్ని అర్థాలుంటాయి.

తెలుగు రాష్ట్రాల్లో వికలాంగులకూ ప్రభుత్వాస్పత్రికీ ఉన్న గట్టి బంధం ఏదైనా ఉందంటే అది సదరం సర్టిఫికెట్. పింఛను, బస్సు పాసు, రిజర్వేషను అన్నీ దాన్ని పట్టుకునే నడిచాయి. సదరం క్యాంపు రోజున ఎముకల డాక్టరు, కళ్ల డాక్టరు, చెవి ముక్కు గొంతు డాక్టరు, మానసిక వైద్యులు కూర్చుని వైకల్యం శాతం కడతారు. నలభై, అంతకు మించితే మనిషి గట్టెక్కినట్టు. కాలు, కన్ను, చెవి, బుద్ధి విడివిడిగా కొలిచే ఆ వరసలో స్త్రీల డాక్టరుకు కుర్చీ లేదు. ఆ క్యాంపు పని శాతం కట్టడమే కాబట్టి ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఎక్కడెక్కడి పల్లెల నుంచో వికలాంగ స్త్రీలు ఒకేచోట చేరే రోజు అదొక్కటే. నెలసరి సరిగా వస్తోందా, పిల్లలు కావాలనుకుంటున్నారా అని అడగడానికి అంతకన్నా మంచి రోజు మరొకటి దొరకదు.

గేటు నుంచి బల్ల దాకా

ర్యాంపు కట్టడానికి ఒక లెక్క ఉంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవుండాలి. ఆరంగుళాల మెట్లు మూడున్న వరండాకు పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలన్నమాట. స్థలం చాల్లేదని ఆరేడు అడుగుల్లో ముగిస్తే అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. చేతుల బలంతో కుర్చీ తోసుకునే స్త్రీకి ఏడో నెల వచ్చేసరికి పొట్ట అడ్డం పడుతుంది, ఆయాసం పెరుగుతుంది. అంతకుముందు ఎక్కిన వాలు కూడా ఎక్కలేదు. చిన్న పట్టణాల్లో నర్సింగ్‌హోములు, స్కానింగ్ సెంటర్లు చాలావరకు మందుల షాపు పైన మొదటి అంతస్తులో ఉంటాయి. ఇరుకు మెట్లు, లేదంటే ఇద్దరు నిలబడితే నిండిపోయే లిఫ్టు. ఊళ్లో ఉన్న ఒక్క స్కానింగు యంత్రం మెట్ల మీద ఉంటే, గర్భంలోని బిడ్డకు అవయవాలన్నీ సరిగా ఏర్పడ్డాయో లేదో చూసే అయిదో నెల స్కాను ఆ ఊరి వికలాంగ గర్భిణికి లేనట్టే.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ పైకి చెప్పుకోరు కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. గర్భిణికి మూత్రం తరచుగా వస్తుంది. పైగా ప్రతి పరీక్షకూ సీసాలో మూత్రం పట్టి ఇవ్వమంటారు. ఆస్పత్రి మరుగుదొడ్డి తలుపు రెండడుగులు, చక్రాల కుర్చీ వెడల్పు రెండడుగులకు పైమాటే. నీళ్లు బయటికి రాకుండా గుమ్మంలో నాలుగంగుళాల గట్టు. లోపల నేల మీద గొంతుక్కూర్చునే దొడ్డి. పోలియో వచ్చిన కాలికి క్యాలిపర్ కట్టుకుని కర్రల సాయంతో నడిచే స్త్రీ అక్కడ కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. అందుకే ఆస్పత్రికి వెళ్లే రోజు పొద్దుట్నుంచి చుక్క నీళ్లు తాగకుండా ఉండటం చాలామందికి అలవాటు. గర్భంతో ఉన్నప్పుడు నీళ్లు మానేయడం, మూత్రం బిగబట్టడం మూత్రనాళాల ఇన్‌ఫెక్షన్‌కు దారి. ఆ ఇన్‌ఫెక్షన్ మూత్రపిండాలకు పాకితే నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం ఉంది. ఒక గట్టు, ఒక తలుపు కొలత బిడ్డ బరువు దాకా వెళ్తాయి.

బరువు చూసే యంత్రం మరో అడ్డంకి. దాని మీద నిలబడాలి. నిలబడలేనివారికి బరువు చూడటమే మానేస్తారు. గర్భిణి బరువు పెరుగుతోందో లేదో రాసే గడి కార్డులో ఖాళీగా మిగిలిపోతుంది. దీనికి పెద్ద ఖర్చుతో పనిలేదు. సరుకు తూచే వెడల్పాటి కాటా ఒకటి నేలకు సమంగా అమర్చి, కుర్చీతో సహా తూచి, కుర్చీ బరువు తీసేస్తే సరిపోతుంది. రొమ్ము క్యాన్సర్ కోసం తీసే మామోగ్రామ్‌కూ ఎక్కువ యంత్రాల దగ్గర నిలబడాల్సిందే. కూర్చున్నవారి ఎత్తుకు దిగే యంత్రాలున్నాయి, కొనేటప్పుడు అడిగేవారుండాలి.

ఇక బల్ల. మీట నొక్కితే అడుగున్నరకు దిగి, మనిషి చేరాక పైకి లేచే బల్లలు మార్కెట్లో దొరుకుతాయి. అవి లేనిచోట కుర్చీ ఎత్తులో గట్టి పరుపు వేసిన మంచం, కుర్చీకీ మంచానికీ వంతెనలా వేసే నున్నటి చెక్కపలక ఉంటే చాలామంది స్త్రీలు తమంతట తాము జరిగి పడుకోగలరు. ఎత్తి వేయించుకోవడం, తమంతట తాము చేరడం ఒకటి కావు. పరాయి మగవాళ్ల చేతుల్లో ఎత్తబడి, చీర జారి, నలుగురిలో బల్ల మీద పడటం ఒకసారి అనుభవమైతే రెండోసారి ఆస్పత్రి గడప తొక్కబుద్ధి కాదు.

బల్ల ఎక్కాక కూడా చిక్కు తీరదు. స్త్రీల వైద్యంలో అలవాటైన పద్ధతి కాళ్లు రెండూ ఎత్తి, ఎడం చేసి కొక్కేల్లో పెట్టడం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న స్త్రీకి తొడల కండరాలు బిగుసుకుపోతాయి; బలవంతంగా విడదీస్తే ఇంకా బిగుస్తాయి, నొప్పి పుడుతుంది. ఇది మొండితనమని సిబ్బంది కసురుకుంటారు. ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై మోకాలు మడిచి, నిదానంగా పరీక్షించవచ్చు. ఇదేమీ కొత్త విద్య కాదు. పక్కవాటు భంగిమ పందొమ్మిదో శతాబ్దం నుంచే స్త్రీవైద్యుల పుస్తకాల్లో ఉంది. కావాల్సింది మరో పది నిమిషాలు. రోజుకు వందమందిని చూసే ఓపీలో ఆ పది నిమిషాలే అన్నిటికన్నా ఖరీదైనవని కూడా ఒప్పుకోవాలి.

మాట అందని చోట

వినికిడి లేని స్త్రీకి మెట్లతో ఇబ్బంది లేదు. ఆమె కథ ఓపీ చీటీ దగ్గర మొదలవుతుంది. నర్సు పేరు పిలుస్తుంది, ఆమెకు వినపడదు, వరస దాటిపోతుంది. బ్యాంకుల్లో ఉన్నట్టు నంబరు చూపే తెర ఒకటి పెడితే ఆ సమస్య అక్కడితో పోతుంది. అసలు కష్టం లోపల. డాక్టరు మాట ఆమెకు అత్తగారి ద్వారానో పెద్దకొడుకు ద్వారానో చేరుతుంది. గర్భం ఉంచుకోవాలా వద్దా, తెల్లబట్ట ఎందుకవుతోంది, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అన్న ప్రశ్నలు అత్తగారి నోటి గుండా అడిగితే వచ్చే జవాబు ఎవరిది? కాన్పు గదిలో సంగతి మరీ విడ్డూరం. అందరి మూతులకూ మాస్కులు. పెదవుల కదలికను బట్టి మాట పోల్చుకునే స్త్రీకి ఆ గదిలో మనుషుల కళ్లు తప్ప ఏమీ కనిపించవు. "ముక్కమ్మా, ముక్కు" అని నలుగురు అరుస్తున్నా ఎప్పుడు ముక్కాలో, ఎప్పుడు ఆపాలో ఆమెకు అందదు.

భారతీయ సంకేత భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది. 2021 నాటికి పదివేల పదాల సంకేత నిఘంటువు తయారుచేసింది. ఫోనులో వీడియో ద్వారా దుబాసీని పిలిపించుకోవడం ఇప్పుడు సాంకేతికంగా చిన్న పని. అయితే బడికి వెళ్లని పల్లెటూరి బధిర స్త్రీకి ఆ సంకేత భాష కూడా రాకపోవచ్చు. ఆమెకు తెలిసినవి ఇంట్లో అల్లుకున్న సైగలే. అటువంటప్పుడు పనికొచ్చేవి బొమ్మల కార్డులు, ఎనిమిదో నెలలోనే ఆమెతో కూర్చుని ముందుగా కుదుర్చుకున్న నాలుగైదు సైగలు, ఆమె సైగలు తెలిసిన ఒక తోడు. కాన్పు గదిలోకి గర్భిణి కోరుకున్న ఒక స్త్రీని తోడుగా రానివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే రాష్ట్రాలకు సూచించింది. 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమం దాన్ని ప్రభుత్వ కాన్పు గదుల నాణ్యతలో భాగం చేసింది. అందరికీ ఊరటనిచ్చే ఈ ఏర్పాటు వినపడని తల్లికి ప్రాణావసరం.

చూపు లేని స్త్రీకి అన్నిటికన్నా ముందు పోయేది గుట్టు. నెల తప్పిందో లేదో ఇంట్లోనే చూసుకోవడానికి ఆశా కార్యకర్త ఇచ్చే నిశ్చయ్ కిట్టు జవాబును గీతల్లో చెబుతుంది. ఒక గీతా, రెండా అన్నది మరొకరు చూసి చెప్పాలి. అంటే ఆమె గర్భం సంగతి ఆమెకన్నా ముందు ఇంకొకరికి తెలుస్తుంది. వేలితో తడిమి తెలుసుకునే నమూనా కిట్టును బ్రిటన్‌లోని అంధుల సంస్థ ఆర్ఎన్ఐబీ 2020లో తయారు చేయించి చూపింది. మాలా-ఎన్ మాత్రల పట్టీలో 21 హార్మోను మాత్రలు, 7 ఇనుము మాత్రలు ఉంటాయి; ఏవి ఏవో రంగును బట్టి పోల్చుకోవాలి. పట్టీ మూలన ఒక కత్తిరింపు పెట్టి, వరస వేలితో చూపించి నేర్పితే ఈ చిక్కు విడిపోతుంది. తల్లీబిడ్డల కార్డు, స్కాను రిపోర్టు, మందుల చీటీ అన్నీ అచ్చు కాగితాలే. అవే మాటలు ఆమె ఫోనులో రికార్డు చేసి ఇవ్వడానికి పట్టేది ఒక నిమిషం. అన్నిటికన్నా తేలికైన మర్యాద ఒకటుంది: ముట్టుకునే ముందు చెప్పడం. చూపున్న స్త్రీ డాక్టరు చెయ్యి రావడం చూస్తుంది. చూపులేని స్త్రీకి అది హఠాత్తుగా ఒంటి మీద పడుతుంది.

ఇక్కడే మరో సంగతి. జర్మనీలో ఫ్రాంక్ హాఫ్‌మన్ అనే స్త్రీవైద్యుడు చూపులేని మహిళల వేళ్ల నేర్పును రొమ్ము పరీక్షకు వాడుకోవచ్చని గ్రహించి, వారికి శిక్షణ ఇచ్చే పద్ధతిని ప్రారంభించాడు. ఢిల్లీలోనూ అంధ మహిళలు ఆ శిక్షణ పొంది రొమ్ములో చిన్నచిన్న గడ్డలను చేత్తో పసిగట్టే పని చేస్తున్నారు. బల్లకు ఇవతలి వైపే కాదు, అవతలి వైపు కూడా వికలాంగ స్త్రీ ఉండవచ్చునన్నమాట.

నొప్పులు తెలియని తల్లి

వెన్నుపాము దెబ్బతిన్న స్త్రీకి పిల్లలు పుట్టరన్నది మన ఊళ్లలో గట్టి నమ్మకం. అది తప్పు. ప్రమాదం జరిగిన కొత్తలో కొన్ని నెలలు బహిష్టు ఆగవచ్చు. తర్వాత అండాలు మామూలుగానే విడుదలవుతాయి, గర్భం నిలుస్తుంది. గర్భాశయం మెదడు ఆజ్ఞ కోసం ఆగకుండా తనంతట తాను సంకోచిస్తుంది కాబట్టి సహజ కాన్పు కూడా సాధ్యమే. అయితే ఇలాంటి గర్భిణి విషయంలో వైద్యులు తెలుసుకుని తీరాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, నొప్పులు. గర్భాశయం నుంచి నొప్పి కబురు మోసే నరాలు ఛాతీ వెన్నుపూసల్లో పదోదాని దగ్గర నుంచి నడుము మొదటి పూస దాకా వెన్నుపాములో కలుస్తాయి. దెబ్బ అంతకన్నా పైన తగిలితే పురిటి నొప్పులు నొప్పులుగా తెలియకపోవచ్చు. కాళ్లు బిగుసుకోవడం, ఊపిరి ఆడనట్టుండటం, పొట్టలో ఏదో అసౌకర్యం మాత్రమే తెలుస్తాయి. ఎవరూ గమనించకుండానే కాన్పు దగ్గరపడే ప్రమాదం ఉంది. అందుకే ఏడో నెల నుంచి పొట్ట మీద అరచెయ్యి పెట్టి గట్టిపడటాన్ని పోల్చుకోవడం ఆమెకూ ఇంట్లోవారికీ నేర్పుతారు. పరీక్షలు దగ్గర దగ్గరగా చేస్తారు, కొందరిని ముందే ఆస్పత్రిలో చేర్చుకుంటారు.

రెండోది ప్రాణాంతకమైనది. ఛాతీ ఆరో పూస దగ్గర గానీ, దానికి పైన గానీ వెన్నుపాము దెబ్బతిన్నవారిలో కింది శరీరానికి ఏ చికాకు కలిగినా, మూత్రాశయం నిండినా, లోపలి పరీక్ష చేసినా, పురిటి నొప్పి వచ్చినా, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబారడం, దెబ్బకు పైభాగాన చెమటలు, నాడి నెమ్మదించడం దీని గుర్తులు. పట్టించుకోకపోతే మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. కాన్పు గదిలో బీపీ పెరగ్గానే ఎవరికైనా ముందు తట్టేది గుర్రపువాతం. తేడా ఒకటుంది: డిస్‌రిఫ్లెక్సియాలో రక్తపోటు నొప్పితో పాటు లేచి, నొప్పి తగ్గగానే దిగుతుంది; గుర్రపువాతం ముందు వచ్చే రక్తపోటు అలా దిగదు. తల వైపు ఎత్తి కూర్చోబెట్టడం, మూత్రం తీసేయడం, చికాకు కలిగించేదాన్ని తొలగించడం ముందు చేయాల్సిన పనులు. నొప్పులు మొదలైన తొలి దశలోనే నడుములో ఎపిడ్యూరల్ మత్తు ఇవ్వడం దీనికి మంచి రక్షణ. నొప్పి తెలియని మనిషికి నొప్పి మత్తెందుకని ఇవ్వకపోవడం ఇక్కడ జరిగే పొరపాటు.

స్పర్శ లేని శరీరానికి రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. రోజంతా బల్ల మీదే పడుకోబెడితే బిడ్డతో పాటు పుండును కూడా ఇంటికి తీసుకెళ్లాల్సి వస్తుంది. పోలియో వల్ల వెన్ను వంకరైన గర్భిణికి నెలలు నిండేకొద్దీ ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. వెన్నులో మత్తు సూది దిగడం కష్టం కావచ్చు. మత్తు డాక్టరు ఆమెను కాన్పు రోజున కాక రెండు నెలల ముందే చూడాలి. కటి ఎముక ఒరిగిపోయి ఉంటే ఆపరేషన్ అవసరమవుతుంది. అంతమాత్రాన వైకల్యం ఉన్న ప్రతి గర్భిణికీ పెద్దాపరేషనే అనడం వైద్యం కాదు, సౌకర్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. మామూలు గర్భిణికే కత్తి ఇంత తేలికైనచోట కుంటి కాలు మరో సాకు మాత్రమే.

వెన్నుదెబ్బ తిన్న తెలుగువారు ఎందరో వెళ్లే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పునరావాస విభాగం వెనక ఒక డాక్టరమ్మ జీవితముంది. మేరీ వర్గీస్ స్త్రీవైద్యురాలు కావాలనుకున్నారు. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతింది. చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు, అమెరికా వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చి, దేశంలో ఆ శాఖకు పునాది వేశారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె వదులుకున్న స్త్రీవైద్యమూ, చేపట్టిన పునరావాస వైద్యమూ నేటికీ చాలా ఆస్పత్రుల్లో వేర్వేరు భవనాల్లోనే ఉన్నాయి. వికలాంగ గర్భిణి ఆ రెంటి మధ్యా తిరగాలి.

గర్భనిరోధం విషయంలోనూ ఇదే అజాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. తాత్కాలిక పద్ధతుల గురించి మాట్లాడే అలవాటే తక్కువ. ఎప్పుడూ కూర్చునే ఉండే స్త్రీకి కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు ఇచ్చే ముందు ఆలోచించాలి. మూడు నెలలకోసారి ఇచ్చే అంతర సూది ఎముకల గట్టిదనాన్ని కొంత తగ్గిస్తుంది. నడక లేక ఎముకలు ముందే పలచబడినవారికి అది మరో దెబ్బ. కాపర్-టీ మంచిదే, కానీ స్పర్శ లేనివారికి లోపల ఇన్‌ఫెక్షన్ వచ్చినా కడుపునొప్పి తెలియదు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ గర్భనిరోధక మాత్రల శక్తిని తగ్గిస్తాయి. అదే మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డ వెన్నునూ బుద్ధినీ దెబ్బతీయగలదు. సెరిబ్రల్ పాల్సీతో, బుద్ధిమాంద్యంతో పాటు మూర్ఛ ఉండటం మామూలు. నరాల డాక్టరు రాసిన మందు స్త్రీల డాక్టరుకు తెలియాలి, ఆమె రాసింది ఆయనకు తెలియాలి.

గర్భసంచి ఎవరిది

మానసిక వైకల్యం ఉన్న ఆడపిల్ల పెద్దమనిషి కాగానే ఇంట్లో మొదలయ్యే బెంగకు చాలామంది తల్లిదండ్రులు వెతికే మందు గర్భసంచి తీయించేయడం. నెలసరి శుభ్రత చూడలేమన్నది పైకి చెప్పే కారణం. ఎవడైనా పాడుచేస్తే గర్భం వస్తుందన్న భయం లోపలి కారణం. 1994 ఫిబ్రవరిలో పుణె జిల్లా శిరూరులోని ప్రభుత్వ వసతి గృహం నుంచి మానసిక వైకల్యం ఉన్న యువతులను తీసుకొచ్చి పుణె ప్రభుత్వాస్పత్రిలో గర్భసంచులు తీశారు. మహిళా సంఘాలు, పత్రికలు నిలదీశాక అది ఆగింది. ఆ రోజుల్లో దాన్ని సమర్థించినవారు తక్కువేమీ కాదు.

తెలుగునాట ఈ ప్రశ్న మరింత పదునైనది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఆరోగ్యంగా ఉన్న స్త్రీల గర్భసంచులే ఇంత సులువుగా పోయే నేల మీద, మాట చెప్పలేని పిల్ల గర్భసంచి గురించి అడిగేవారెవరు? ఆపరేషన్ లైంగిక దాడిని ఆపదు. దాని సాక్ష్యాన్ని మాత్రం మాయం చేస్తుంది. అండాశయాలు కూడా తీస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయి. ఓపికగా నేర్పితే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్లో చాలామంది ప్యాడ్ మార్చుకోవడం నేర్చుకుంటారు. రక్తస్రావం మరీ ఎక్కువైతే హార్మోను మందులున్నాయి. తల్లిదండ్రులను తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. వారికి ఈ దారులు చూపేవారు ఆస్పత్రిలో కనిపించకపోవడమే లోపం.

చట్టం వైపు నుంచి ఇప్పుడు సందేహం లేదు. వికలాంగులు తమ సంతాన సామర్థ్యాన్ని ఇతరులతో సమానంగా నిలుపుకోవాలని చెప్పే ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పదో సెక్షన్ ప్రకారం వికలాంగుల స్వేచ్ఛాయుత, అవగాహనతో కూడిన అంగీకారం లేకుండా వంధ్యత్వం కలిగించే ఏ చికిత్సా చేయకూడదు. 92వ సెక్షన్ వికలాంగ స్త్రీకి ఆమె స్పష్టమైన అంగీకారం లేకుండా గర్భస్రావం చేయిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు అంటోంది. తీవ్ర వైకల్యం ఉన్న సందర్భంలో డాక్టరు అభిప్రాయం, సంరక్షకుల అంగీకారం రెండూ ఉంటే మినహాయింపు. మానసిక అనారోగ్యానికి చికిత్స పేరుతో సంతాన నిరోధక ఆపరేషన్ చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

చండీగఢ్ ప్రభుత్వ గృహంలో అత్యాచారానికి గురై గర్భవతైన యువతి కేసు ఈ విషయంలో మైలురాయి. ఆమెకు తల్లిదండ్రులు లేరు, స్వల్ప బుద్ధిమాంద్యం ఉంది. బిడ్డ కావాలని ఆమె అంది. హైకోర్టు గర్భస్రావానికి ఆదేశించింది. 2009 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, బుద్ధిమాంద్యానికీ మానసిక వ్యాధికీ చట్టం తేడా చూపుతోందనీ, స్వల్ప మాంద్యం ఉన్న స్త్రీ అంగీకారం తప్పనిసరి అనీ చెప్పింది. మరోవైపు 2021 అబార్షన్ నిబంధనలు వికలాంగ స్త్రీలకు 24 వారాల వరకు గర్భస్రావం చేయించుకునే వీలు కల్పించాయి. ఆలస్యంగా ఆస్పత్రికి చేరగలిగేవారికి అది నిజమైన మేలు. కానీ అడగకుండానే "నీకెందుకమ్మా ఈ బాధ, తీయించేసుకో" అన్న సలహాగా అది మారితే ఇచ్చిన హక్కు వెనక్కి తీసుకున్నట్టే. పోలియో, ప్రమాదాల వల్ల వచ్చిన వైకల్యం బిడ్డకు రాదు. కొన్ని రకాల చెవుడు, కండరాల జబ్బులు, ముఖ్యంగా మేనరికాల్లో, వచ్చే అవకాశం ఉంది. ఆ సందేహం తీర్చడానికి హైదరాబాద్ నిమ్స్ వంటిచోట జన్యువైద్య విభాగం ఉంది. డాక్టరు చెప్పాల్సింది లెక్క మాత్రమే, తీర్పు కాదు.

అంగీకారం అన్నది కాగితం మీద వేలిముద్ర కాదు. డాక్టరు ఎవరి ముఖం చూసి మాట్లాడుతున్నారన్నదే దానికి తొలి పరీక్ష. కుర్చీలో కూర్చున్న స్త్రీని వదిలేసి, కుర్చీ తోసే మనిషితో "ఈమెకు ఎన్నో నెల?" అని అడగడం మన ఓపీల్లో రోజూ వినిపించే మాట. ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

భవనాల మాట చివరిగా. ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నిటిలో అన్ని భాగాలకూ అడ్డంకి లేని దారి ఉండాలనీ, వికలాంగులను వరసలో ముందు చూడాలనీ, స్త్రీలకు పునరుత్పత్తి వైద్యం అందించాలనీ 2016 చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. ప్రజా స్థలాల్లో అందుబాటు కోరుతూ చూపులేని న్యాయ కార్యకర్త రాజీవ్ రాతూరి 2005లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2017లో తీర్పు ఇచ్చింది. అమలు ఎలా ఉందో పరిశీలించి నివేదిక ఇచ్చే పనిని ఆ తర్వాత హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబర్ 8న కోర్టు తేల్చిందేమిటంటే, అందుబాటు ప్రమాణాలను ప్రభుత్వ నిబంధనలు సూచనలుగా వదిలేశాయి, చట్టం మాత్రం వాటిని తప్పనిసరి చేసింది. కాబట్టి ఆ నిబంధన చెల్లదు, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రాయాలి. చట్టం నిబంధనలు వెలువడింది 2017 జూన్‌లో. అప్పటికే ఉన్న ప్రజా భవనాలను అయిదేళ్లలోగా సరిచేయాలని 45వ సెక్షన్ పెట్టిన గడువు 2022 జూన్‌తో ముగిసింది.